రెండు బొండాలు

థియేటర్ తలుపు పైన ఎర్రలైటు వెలిగి ఎంతసేపయిందో రత్నమాణిక్యానికి తెలియలేదు. చేతికి వాచీ ఉంది, కానీ చూసుకోవడానికి మొహం చెల్లలేదు. టైమెంతయిందని చూసుకోవడం లోపలున్న మనిషి తాలూకు వాళ్ళు చేసే పని, తను ఏమవుతుందని చూసుకుంటుంది? లోపల బల్ల మీద పడుకున్నది పాపాయమ్మ, ముప్ఫై రెండేళ్ళుగా వాళ్ళ కొబ్బరితోటలో దింపు తీసినప్పుడల్లా కింద పడ్డ కాయలు ఏరి రాశి పోసే పాపాయమ్మ. ఎడమకంటి కింద ఎముక విరిగి పదమూడు రోజులైంది, ఇవాళ్టికి కోనసీమ దాటి రాజమండ్రి దాకా వచ్చి కత్తి కిందికి వెళ్ళింది. ఈ వరండాలో స్టీలు కుర్చీలు నాలుగున్నాయి, ఒకదాంట్లో తను, పక్కదాంట్లో భర్త చంద్రరావు, మూడోదాని మీద సంచులు, నాలుగోది ఖాళీ. ఆ ఖాళీ కుర్చీలో కూర్చోకుండా పాపాయమ్మ కూతురు ఉషారాణి పొద్దున్నించీ గోడకి ఆనుకుని నిలబడే ఉంది. కూర్చోవే అంటే, పర్లేదండి అమ్మగారూ, బట్టల కొట్లో పొద్దస్తమానం నిలబడేదాన్నే కదండి అంటుంది. ఇందాక కిందికి వెళ్ళి నీళ్ళసీసా కొనుక్కొచ్చి, మూత కూడా తీసి, మొదట తనకే ఇచ్చింది. తల్లి మొహం కోస్తున్న గంటలో ఆ పిల్ల తనకి దాహమేస్తుందేమోనని చూసింది. రత్నమాణిక్యం తాగింది, తాగకపోతే బావుండదని తాగింది. బావుండదు, బావుండదు, ఆ మాటే కదా ఇంతదాకా తెచ్చింది.

పక్కన చంద్రరావు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు, ఆయన ఫోన్లో మాట్లాడితే అవతలి మనిషికి ఫోను అక్కర్లేదు, కిటికీ తీసుకుంటే చాలు. "ఆయ్, ఇంకా లోపలే ఉందండి. ఎముక ముక్క అతకాలంట. మా ఆవిడైతే నా ఎముక తీసుకోండని డాక్టరుగారి కాళ్ళ మీద పడినంత పని చేసిందండీ. ఏం చేస్తాం, పనివాళ్ళయినా ఇంట్లో మనిషిలాగే కదండీ." ఆ వరుసలో ఇది ఐదో ఫోను. ఒక్కొక్క ఫోనుకీ తన గొప్పతనం ఓ అంగుళం పెరుగుతోంది, సాయంత్రానికి ఊళ్ళో తనకి గుడి కట్టినా కడతారు. నేల విచ్చుకుంటే బావుణ్ణనిపించింది. ఆపండి అనబోయింది, అంటే ఎందుకంటాడు, ఎందుకో చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా నోరు నొక్కుకుని కూర్చుంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అని అమ్మ ఎవరి గురించో అంటుండేది, ఎవరి గురించో ఇప్పుడు గుర్తు రావడం లేదు, ఎవరైతేనేం, ఇప్పుడది తన గురించే. ఆయనకి నిజం తెలియదు. ఆ రోజు మధ్యాహ్నం బోరు దగ్గర కాళ్ళు కడుక్కుంటూ ఏమైందని ఆయన అడిగినప్పుడు, చెబుతూనే ఉన్నాను, చూసుకోకుండా చెట్టు కిందికి వెళ్ళిపోయింది, అంది తను. అనాలని అనుకోలేదు, దానంతటదే వచ్చేసింది, చేతిలోంచి గ్లాసు జారినట్టు. ఆ తరవాత ఎవరడిగినా అదే మాట. పదిసార్లు చెప్పాక తనకే నిజంలా అనిపించడం మొదలుపెట్టింది, రాత్రి పూట కాకపోయినా పగటిపూట. అన్నిటికంటే ఘోరం, పాపాయమ్మ కూడా ఆ మాటే చెప్పింది. నాదేనండి బుద్ధి తక్కువ, సూసుకోలేదండి, అని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ.

ఎముక ఇస్తానన్నది మాత్రం అబద్ధం కాదు. నిన్న డాక్టరు శ్రీనివాసరాజు గారు గదిలో కూర్చోబెట్టి చెప్పారు. భీమవరం వైపు మనిషి, కుర్రాడే, పాపాయమ్మని కూడా మీరు, అండి అంటాడు, ఆ అండికి పాపాయమ్మ ముడుచుకుపోయి కుర్చీ అంచున కూర్చుంది. స్కాన్ ఫిల్ము లైటు మీద పెట్టి చూపించారు. "కన్ను ఒక ఎముక గిన్నెలో కూర్చుంటుందండి. ఆ గిన్నెకి అడుగు కోడిగుడ్డు పెంకులా పలచన. దెబ్బకి అదే విరిగింది. కన్నుని తిప్పే కండ ఒకటి ఆ కన్నంలోకి జారి ఇరుక్కుంది, అందుకే కన్ను పైకి లేవట్లేదు, ఒకటి రెండుగా కనపడుతోంది. కండని విడిపించి, అడుగున కొత్త పలక వెయ్యాలి." కొత్త పలక ఎక్కడిదండీ అంటే, ఆవిడ తుంటి ఎముకలోంచే చిన్న ముక్క తీసి, చెక్కి, ఆ కన్నం కొలతకి అమరుస్తామన్నారు. లోహం పలకలు కూడా ఉంటాయి గానీ కన్నం పెద్దది, వెనకదాకా పోయింది, సొంత ఎముకైతే ఒంట్లో కలిసిపోతుందన్నారు. అంటే కంటికి తగిలిన దెబ్బకి తుంటి మీద కూడా కోత. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. దెబ్బ తిన్నదీ ఆవిడే, దాన్ని పూడ్చడానికి ఇచ్చుకోవలసిందీ ఆవిడేనా, ఇందులో తన వంతు ఏదీ లేదా, అనిపించి, "నాది తీసుకోండి డాక్టరుగారూ, నాకు ఒళ్ళుంది, ఎముకుంది," అనేసింది. డాక్టరు నవ్వలేదు గానీ నవ్వు ఆపుకున్నట్టు తెలిసింది. "రక్తంలాగా కాదండీ ఇది. ఎవరిది వాళ్ళకే." ఎవరిది వాళ్ళకే. పాపాయమ్మ వంచిన తల ఎత్తి, ఊరుకోండి అమ్మగారూ, మీకెందుకండి ఈ బాధ, అంది. ఉషారాణి కళ్ళు తుడుచుకుంది. చంద్రరావు కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి, పాపం ఆయన మెతక మనిషి. ఆ గదిలో అందరూ తనని చూసి కరిగిపోతుంటే, తనకి మాత్రం బట్టలూడిపోయి నిలబడ్డట్టుంది. ఎందుకంటే ఎముక ఇవ్వడం తేలిక. ఒక్క వాక్యం ఇవ్వడమే చేతకాలేదు.

ఆ వాక్యంలో చెప్పాల్సింది జరిగింది ఆ రోజు పదిన్నరకి. తోటలో దింపు. ఊళ్ళో చెట్టెక్కేవాళ్ళు ముగ్గురే మిగిలారు, గంగరాజు తేదీ దొరకడమంటే పెళ్ళి ముహూర్తం దొరికినంత. చెట్టు మీద మనిషున్నంతసేపూ కింద ఎవరూ అడుగు పెట్టకూడదు, తోటలో పుట్టిన కుక్కక్కూడా తెలిసిన సంగతది. గంగరాజు దిగి, కత్తి నడుం నించి తీసి, రండి అంటేనే ఆడవాళ్ళు గంపలతో లోపలికి వెళ్తారు. ఆ పదిన్నరకే పాలకొల్లు వియ్యపురాలు వరలక్ష్మమ్మ ఫోను, చించినాడ వంతెన దాటామండీ, ఇటే వెళ్తున్నాం కదా, ఒక్క ఐదు నిమిషాలు మిమ్మల్ని చూసిపోదామని. గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే పోయినసారి వాళ్ళొచ్చినప్పుడు అంతకు ముందురోజే దింపు అయిపోయింది, చెట్టు మీద లేత కాయ అందుబాటులో లేదు, ఫ్రిజ్‌లో ఉన్న కూల్‌డ్రింకు గ్లాసుల్లో పోసి ఇచ్చింది. వరలక్ష్మమ్మ పాలకొల్లు వెళ్ళి ఎవరింటి పేరంటంలోనో, కోనసీమ వియ్యాలవారండీ మావాళ్ళు, బొండాం అడుగుతామేమోనని ముందే సీసా మూత తీశారు, అందట. ఆ మాట మూడు నోళ్ళు మారి తన చెవిన పడేసరికి ఏడాదైంది, పడ్డాక మాత్రం ఒక్కరోజు కూడా పాతబడలేదు. చేపముల్లులా అక్కడే ఉండిపోయింది, మింగుడు పడదు, బయటికి రాదు. అంత చిన్న మాట. ఎంత చిన్న మాటో ఈ వరండాలో కూర్చుంటే తెలుస్తోంది, అప్పుడు మాత్రం అది కొండంతుంది. కారు గుమ్మంలో ఆగింది, రండి రండి అని వాళ్ళని కూర్చోబెట్టి, పెరటి వైపు పరుగెత్తింది. గంగరాజు అంతకుముందు కోసి పడేసిన లేత గెల ఒకటి చెట్టు మొదట్లోనే ఉంది. దడి దగ్గర పాపాయమ్మ గంప పట్టుకుని నిలబడింది.

"పాపాయమ్మా, ఆ గెలలోంచి రెండు బొండాలు పట్రా."

"గంగరాజు పైనున్నాడండి అమ్మగారూ. దిగిపోతాడండి, రెండు నిమిషాలు."

"వాడు దిగేదాకా వాళ్ళు నోరెండబెట్టుకుని కూర్చోవాలా? ఏం, కాయలన్నీ చూసి చూసి నీ మీదే పడతాయా?"

పాపాయమ్మ నవ్వింది. ఆ నవ్వు సరదాకి కాదు, ఇంక మాట పొడిగించకుండా ఉండటానికి, ఆ సంగతి అప్పుడూ తెలుసు. కొంగు నడుముకి చెక్కుకుని, వంగి, గబగబా చెట్టు మొదట్లోకి వెళ్ళింది. పైనుంచి గంగరాజు ఏదో అరిచాడు. అరుపు ముందొచ్చిందో కాయ ముందొచ్చిందో, కాయ నేరుగా మీద పడలేదు, పడి ఉంటే మనిషే దక్కేది కాదు, పక్కనున్న కాయల మీద పడి ఎగిరి వచ్చి చెంప మీద, కంటి కింద తగిలింది. చప్పుడు పెద్దదేం కాదు. పాపాయమ్మ మోకాళ్ళ మీద కూలబడింది, ఒక చెయ్యి మొహానికి పోయింది, రెండో చేత్తో రెండు బొండాల తొడిమలు పట్టుకునే ఉంది, వదల్లేదు. లేచి, తడబడుతూ నడిచొచ్చి, దడి మీదుగా అందించింది. తెచ్చానండి, అంది.

తను అందుకుంది. ఇక్కడికొచ్చేసరికి ప్రతిసారీ ఆలోచన పక్కకి జారిపోతుంది, వరండా చివర చీపురు పట్టుకున్న ఆయా మీదికో, గోడ మీద పంటి డాక్టరు ప్రకటన మీదికో పోతుంది, దాన్ని జుట్టు పట్టుకుని వెనక్కి తేవాలి. తను అందుకుంది. చేతులు చాపి, అందుకుంది. అయ్యో అంది, అన్నమాట నిజమే, అయ్యో అంటూనే బొండాల మీద మట్టి తుడిచింది. పాపాయమ్మ ముక్కులోంచి రక్తం కారుతోంటే, గట్టిగా చీదెయ్యి, గడ్డకట్టకుండా పోతుంది, చన్నీళ్ళ గుడ్డ వేసుకుని పశువుల పాక నీడన కూర్చో, అని లోపలికి వచ్చేసింది. పాపాయమ్మ చెప్పినట్టే చీదింది, ఆ చీదడానికే కన్ను గాలి కొట్టిన బంతిలా ఉబ్బి రెప్ప మూసుకుపోయింది. నిన్న డాక్టరుగారు అదీ అడిగారు, దెబ్బ తగిలాక ముక్కు చీదారా అమ్మా, అడుగు విరిగినప్పుడు చీదకూడదండీ, ముక్కు పక్కనున్న గాలంతా కంటికిందికి తన్నుతుంది, అని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు తను చీరకొంగు సర్దుకుంది. పాపాయమ్మ తొణక్కుండా, నా అంతట నేనే సీదానండి, తెలవక, అంది. ఆ రోజు తను లోపలికొచ్చి బొండాలు కొట్టించి, వెండిగ్లాసుల్లో పోసి ఇచ్చింది. స్టీలు గ్లాసులు కాదు, వెండివి, బీరువా తీసి మరీ. వరలక్ష్మమ్మ ఒక గుక్క తాగి, ఇప్పుడే కోసినట్టున్నాయండీ, ఎంత తియ్యగా ఉన్నాయో, అంది. ఆ క్షణంలో తనకి సంతోషం వేసింది. అబద్ధమాడి ఏం లాభం, నిజంగా సంతోషం వేసింది, ఏడాదిగా గొంతులో ఉన్న ముల్లు దిగిపోయింది. ఐదు నిమిషాలకొచ్చినవాళ్ళని భోజనాలకి ఆపింది, అబ్బే వద్దండీ అంటే చెయ్యి పట్టుకుని ఆపింది. పనసపొట్టు కూర వడ్డిస్తుంటే పెరట్లోంచి పాపాయమ్మ వాంతి చేసుకోవడం వినపడింది. ఎవరికైనా బాగోలేదాండీ, అని వియ్యంకుడు తల తిప్పాడు. కుక్కండీ, ఏదో తినేసుంటుంది, నెయ్యి వేసుకోండి అన్నయ్యగారూ, ఇంకొంచెం, అని తను గొంతు పెంచింది.

కుక్కండీ. ఆ మాట పాపాయమ్మకి వినపడిందా? పాక వంటింటి గోడకే ఉంటుంది. వినపడే ఉంటుంది. వినపడలేదేమో. పదమూడు రోజులుగా ఇదొక్కటే తిరుగుతోంది లోపల, విన్నదా లేదా అని, విని ఉంటే మళ్ళీ మర్నాడు ఆ కన్నేసుకుని పనికొచ్చి, వియ్యపురాలుగారు సంతోసంగా ఎల్లారాండి, అని ఎలా అడుగుతుంది?

ఇదంతా అమ్మ దగ్గర నేర్చుకున్నదే. అమ్మ గురించి ఊళ్ళో ఓ కథ ఉండేది, ఇప్పటికీ ముసలివాళ్ళు చెబుతారు. ఇంట్లో ఇరవైమంది చుట్టాలు భోజనాలకి కూర్చున్న వేళ అమ్మకి పుట్టింటి నించి టెలిగ్రాం వచ్చింది, తాతయ్య పోయాడని. అమ్మ దాన్ని మడిచి బియ్యం డబ్బాలో పెట్టి, చివరివాళ్ళు పెరుగన్నం తిని తాంబూలం వేసుకునేదాకా వడ్డించి, వాళ్ళ బండి మలుపు తిరిగాక అప్పుడు పెరట్లోకి వెళ్ళి బావురుమంది. ఆహా ఇల్లాలంటే అలా ఉండాలి అన్నారు అందరూ. తనకి పదకొండేళ్ళు, బియ్యం డబ్బా పక్కనే నిలబడి చూసింది, అంత గొప్పదాని కడుపున పుట్టానని పొంగిపోయింది. ఇంటికొచ్చినవాళ్ళ నోరు ఎండకూడదు, మన ఏడుపు వాళ్ళ చెవిన పడకూడదు. యాభై ఐదేళ్ళ వయసుకి ఆ విద్యలో తను అమ్మని మించిపోయాననుకుంది కూడాను. ఈ స్టీలు కుర్చీలో కూర్చున్నాక గానీ తట్టలేదు, అమ్మ దాచింది తన ఏడుపు. తను దాచింది ఇంకొకరి ఏడుపు. రెండూ ఒకటే అనుకోవడానికి ఎంత కండకావరం ఉండాలి.

ఆ మర్నాడు ఊళ్ళో ఉండే ఆరెంపీ డాక్టరు చూసి, వాపేనండి, మాత్రలు వేసుకుంటే తీసేస్తుంది, అన్నాడు. ఆ మాట తనకి తేనెలా తగిలింది. పసుపూ సున్నం పట్టు వేయించింది, అదో పెద్ద ఉపకారమైనట్టు. నాలుగోరోజుకి కన్ను తెరుచుకుంది. ఐదోరోజు పెరట్లో అంట్లు తోముతూ పాపాయమ్మ తల ఎత్తి చూసి, "అమ్మగారూ, మీరు ఇద్దరు అవుపడుతున్నారండి. ఒకరు పైన, ఒకరు కింద," అంది. తను నవ్వింది. "ఒక్కదానితోనే వేగలేకపోతున్నావు, ఇద్దరైతే ఎలాగే నీకు?" అంది. పక్కనున్న ఆడవాళ్ళంతా నవ్వారు, పాపాయమ్మ కూడా నవ్వింది. కిందున్నోరు కూసింత మసగ్గా ఉన్నారండి, అని నవ్వింది. నాలుగు రోజులు ఆ ఊళ్ళో అదే జోకు. కాలవ గట్టు మీద అడుగు తప్పి పడబోతే జోకు, గ్లాసులో పోయాల్సిన నీళ్ళు పక్కన పోస్తే జోకు. వాపు తీశాక ఆ కన్ను కొంచెం లోపలికి దిగినట్టు కనపడింది, దీపం గూట్లో వెనక్కి జరిపినట్టు. తనకి కనపడింది. రోజూ కనపడింది. చూసీ చూడనట్టు కంటి మీద కాకుండా నుదుటి మీదికి చూసి మాట్లాడటం నేర్చుకుంది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఎలా తగిలిందని అడుగుతారు కదా, అడిగితే చెప్పాలి కదా. తొమ్మిదోరోజు ఉషారాణే సెలవు పెట్టుకుని వచ్చి తల్లిని అమలాపురం తీసుకెళ్ళింది, వాళ్ళు స్కాన్ తీసి రాజమండ్రి పంపారు. మొదటి వారంలో వచ్చి ఉంటే పని తేలికయ్యేదండీ, అన్నారు శ్రీనివాసరాజు గారు, ఎవరినీ ఏమీ అనకుండా, ఫిల్ము వైపు చూస్తూ. ఆయన ఎవరినన్నా నాలుగు తిట్టి ఉంటే బావుండేది. ఆ మర్యాద తట్టుకోవడమే కష్టమైంది. కారు మనదే పెడదాం, దగ్గరుండి చూసుకుందాం, అని తను బయల్దేరింది, ఇంతకాలం పని చేసిన మనిషిని వదలలేక వచ్చిందని అందరూ అనుకుంటున్నారు. వదిలేసి ఇంట్లో కూర్చుంటే ఆ గోడా ఆ పాకా తినేస్తాయని వచ్చింది.

చెప్పేయాలి. పొద్దున్న స్ట్రెచర్ తోసుకెళ్తున్నప్పుడే అనుకుంది, లోపల ఏమన్నా అయితే ఈ జన్మకి ఇంక చెప్పడానికి మనిషే ఉండదు. ముందు ఉషారాణికి చెప్పాలి, తరవాత పాపాయమ్మకి, ఆ పైన ఆయనకి, ఆయన ఐదు ఫోన్లూ మళ్ళీ చేసుకుంటే చేసుకోనీ. మనసులో మాట కూర్చుకుంది. మీ అమ్మ దానంతటది వెళ్ళలేదే, నేను వెళ్ళమన్నాను గానీ. ఆ గానీ ఎక్కడినుంచి వచ్చిందో. తీసేసి మళ్ళీ మొదలుపెట్టింది. నేనే పంపాను, చుట్టాలొచ్చారని. మళ్ళీ చుట్టాలు. చుట్టాలెందుకు మధ్యలో, వాళ్ళేం చేశారు పాపం, దాహమని కూడా అనలేదు. ఎలా చెప్పినా చివర్న ఓ చిన్న తోక మిగిలిపోతోంది తనని కాపాడటానికి. ముప్ఫై రెండేళ్ళలో పాపాయమ్మ ఆయ్ అని తల ఊపని రోజు లేదు. ఆ రోజు కూడా, వద్దు అనలేదు, రెండు నిమిషాలు అంది. ప్రాణం కోసం ఒక మనిషి అడిగిన గడువు రెండు నిమిషాలు. ఇప్పుడు తను ఈ కుర్చీలో ఎన్ని నిమిషాలు కూర్చుంది? వాచీ చూసింది. గంటా పది.

ఎర్రలైటు ఆరింది. చంద్రరావు ఫోను జేబులో పెట్టుకుని లేచాడు. శ్రీనివాసరాజు గారు మాస్కు గడ్డం కిందికి లాక్కుంటూ వచ్చి ముందు ఉషారాణి వైపే చూశారు, ఆ మాత్రం మంచితనానికే తనకి కళ్ళు చెమర్చాయి. "బాగా అయిందండి. ఎముక చక్కగా కూర్చుంది. కండ విడిపడింది. కన్ను లోపలికి దిగింది కదా, అదీ సర్దుకుంటుంది. రెండుగా కనపడటం మాత్రం వారాలు పడుతుంది. ఆలస్యమైంది కాబట్టి మొత్తం పోతుందని ఇప్పుడే మాటివ్వలేను, పోతుందనే ఆశ." చంద్రరావు రెండు చేతులూ జోడించి, మందులు ఏం రాశారో కనుక్కుందామని ఆయన వెంటే వెళ్ళాడు. వరండాలో ఉషారాణీ తనూ మిగిలారు. ఉషారాణి వచ్చి వంగి కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది.

కాళ్ళు వెనక్కి తీసుకుంది, నిప్పు మీద పెట్టినట్టు. "వద్దే. నేనే పంపాను. గంగరాజు పైనుండగా నేనే పంపాను మీ అమ్మని. రెండు నిమిషాలు ఆగమంటున్నా పంపాను." తోక లేకుండా వచ్చేసింది.

ఉషారాణి నిటారుగా నిలబడింది. మొహంలో ఏ మార్పూ లేదు. "తెలుసండి," అంది.

"ఏం తెలుసు?"

"గంగరాజు బాబాయి ఆ సాయంత్రమే ఫోన్లో సెప్పాడండి. సెట్టు మీదున్నోళ్ళకి కిందవన్నీ ఇనపడతాయి కదండి." కుర్చీ మీద జారుతున్న సంచి సర్దింది. "బోయినాల కాడ మీరన్న మాట కూడా. నీళ్ళ కోసం పాక కాడికి వచ్చాడంట అప్పుడు."

రత్నమాణిక్యానికి కుర్చీ ఎక్కడుందో తెలియలేదు, వెనక్కి తడిమి కూర్చుంది. అయితే ఈ పిల్ల కారులో ముందు సీటు తనకి వదిలి వెనక ఇరుక్కుని కూర్చున్నది అన్నీ తెలిసే. ఎముక ఇస్తానన్నప్పుడు కళ్ళు తుడుచుకున్నది అన్నీ తెలిసే. ఇందాక నీళ్ళసీసా మూత తీసి ఇచ్చినప్పుడు ఆ కళ్ళలో ఏమీ లేదే, కోపమైనా లేదే. "మరి అడగలేదేమే నన్ను? పదమూడు రోజులు..."

"అడిగితే అమ్మకి తెలిసిపోద్దండి, నాకు తెలుసని." ఉషారాణి థియేటర్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "మీ మాట బయటికి రాకుండా కాసుకొస్తున్నాననుకుంటందండి తను. ఇంట్లో నాకు కూడా సెప్పలేదు. ఎవరెంతడిగినా అదొక్కటే పట్టుకుని ఉంది. కోపం నాకు లేదని కాదండి. ఉంది. కానీ మీరు సెప్పేసినట్టు తనకి తెలియనీకండి. అంత బాదా పడి దాచింది, ఎందుకూ కొరగాకుండా పోయిందనుకుంటే తట్టుకోలేదండి అమ్మ."

కోపం ఉంది అన్న మాట చెంప మీద కొట్టినట్టు తగిలి, ఎందుకో ఆ ఒక్క మాటే కొంచెం ఊపిరాడనిచ్చింది. మిగతాది ఆడనివ్వలేదు. తలుపు తీసుకుని నర్సు తల బయట పెట్టింది. "పాపాయమ్మ తాలూకు ఎవరండీ? మెలకువొచ్చింది. ఒక్కరే రావాలి." తను ఉషారాణి వైపు చూసింది. ఉషారాణి తల అడ్డంగా ఊపింది. "మీరెళ్ళండి. అమ్మగారూ అమ్మగారూ అంటుంటది."

లోపల ఏసీ చల్లదనం, మందుల వాసన. మంచం మీద పాపాయమ్మ ఎప్పుడూ లేనంత చిన్నగా ఉంది. ఎడమ కంటి మీద తెల్లటి కట్టు, తుంటి దగ్గర దుప్పటి ఎత్తుగా ఉంది, అక్కడా కట్టే. కుడికన్ను సగం తెరిచి వెతికింది. "అమ్మగారాండి?"

"నేనేనే."

"ఉష ఉందా అండి ఇక్కడ?"

"బయటుంది. పిలవనా?"

"వద్దండి, వద్దండి." చెయ్యి దుప్పటిలోంచి బయటికొచ్చి మంచం పట్టీ మీద తడుముకుంది, రత్నమాణిక్యం దాన్ని పట్టుకుంది. నాలుక మత్తుగా, మాట ముద్దముద్దగా వస్తోంది. "వంగండి అమ్మగారూ, ఓ మాట. మత్తిత్తే మనిసి లోపలున్నయ్యన్నీ కక్కేత్తాడంటండి. పక్కమంచం ఆవిడ సెప్పింది. రేత్రంతా అదే బెంగండి నాకు, కత్తంటే బయం లేదు. లోపల డాక్టర్లెదురుగా నేనేమన్నా వాగేశానా అండి? ఆ రోజు మాట. మీరు పంపిన మాట."

తోక లేని నిజం ఇందాక ఒకసారి చెప్పింది, ఇప్పుడు చెప్పకూడదు. అది కూడా తన చేతిలోంచి తీసేసుకున్నారు తల్లీకూతుళ్ళు కలిసి, ఒకరికి తెలియకుండా ఒకరు.

"లేదు పాపాయమ్మా," అంది. "నువ్వు ఒక్క ముక్క కూడా అనలేదు. ఎవరికీ తెలీదు."

"అమ్మయ్య," అంది పాపాయమ్మ. పిడికిలి వదులైంది, ఆ ఒక్క కన్నూ హాయిగా మూతపడింది. నర్సు సెలైను సీసా సరిచేస్తూ రత్నమాణిక్యం వైపు చూసి, "ఏడవకండమ్మా, మీ మనిషికి ఏం ఫరవాలేదు," అంది.